ఎడమ కాడ

షాపులో అందరూ ఆయన్ని ముక్కు మాస్టారు అనేవాళ్ళు. ఆయన ముక్కులో విశేషమేమీ లేదు. ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చున్నా ముందు వాళ్ళ ముక్కు చూసేవాడు, తర్వాత చెవులు చూసేవాడు, కళ్ళ జోలికి మాత్రం పోయేవాడు కాదు. కళ్ళు చూడటం డాక్టరు పని. అద్దాలు అరగదీయడం లోపలి గదిలో ఉండే అద్దాలాయన పని. ఆ అద్దాలు ఫ్రేములోకి ఎక్కి వచ్చాక, దాన్ని మనిషి ముఖానికి కుదర్చడం మాస్టారి పని.

"కళ్ళజోడు కళ్ళదనుకుంటారు గానీ, మోసేది ముక్కూ చెవులే. సోకు ఒకళ్ళది, చాకిరీ ఇంకొకళ్ళది" అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాడు. "నెంబరు తప్పితే డాక్టర్ని తిడతారు. జోడు జారితే మనల్ని తిడతారు. అందుకని ముక్కు చూడండి."

ఆయన పద్ధతి కాస్త వింతగా ఉండేది. జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని "బాగుంది" అనేవాళ్ళని ఆయన లేవనిచ్చేవాడు కాదు. ఒకసారి వంగి చెప్పు సర్దుకోమనేవాడు. పుస్తకం చదువుతున్నట్టు తల దించమనేవాడు. ఏం పని చేస్తారని అడిగేవాడు. లెక్కలు రాసేవాడికి ఒక తీరు, లారీ తోలేవాడికి ఒక తీరు, పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఇంకో తీరు. ఎక్కడ జారుతుందో చూసి, చెవి మీద ఆనే కాడని వేడిగాలి పెట్టె ముందు పట్టుకుని, మెత్తబడ్డాక బొటనవేలితో నొక్కేవాడు.

ఈ వంగోబెట్టే పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. ఆయన భార్య దగ్గర నేర్చుకున్నాడు. ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. పెళ్ళైన కొత్తలో ఒకరోజు షాపుకొచ్చి, ఆయన పని చేస్తుంటే ఓ మూల కూర్చుని చూసింది. ఇంటికెళ్ళాక అంది, "మనిషిని బొమ్మలా కూర్చోబెట్టి కుదురుస్తున్నారేమిటి? చొక్కాకి కొలతలు నిలబెట్టే తీసుకుంటాం. కానీ ఆ చొక్కా వేసుకుని వాడు వంగుతాడు, లేస్తాడు, పిల్లాణ్ణెత్తుకుంటాడు. అప్పుడు చంకలో పట్టేస్తే తిట్టేది నన్నే." ఆ మర్నాటి నుంచి ఆయన జనాన్ని వంగోబెట్టడం మొదలుపెట్టాడు. ఎవరైనా మెచ్చుకుంటే "మా ఇంట్లో టైలరు నేర్పింది" అనేవాడు.

చాలా ఏళ్ళకి, ఒక ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక ఆవిడ చనిపోయింది. మంచాన పడి కాదు. మధ్యాహ్నంపూట కుడుతూ కుడుతూ మిషను మీద తల వాల్చింది. కునుకు తీస్తోందనుకున్నారు.

మాస్టారు ఏడవలేదు. ఏడవనందుకు కొందరు చాటున ఏదో అన్నారు. అది ఆయన చెవిన పడింది, కానీ లోపలికి దిగలేదు. ఆ రోజుల్లో ఏదీ లోపలికి దిగేది కాదు. సెలవు ఇంకా మిగిలుండగానే పనికి వచ్చేశాడు.

"ఇంకొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండకపోయారా, మాస్టారూ" అంది కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి.

"ఇంట్లో ఏం చేయనమ్మా" అన్నాడు. నిజంగానే అడిగాడు.

మరదలు పక్కవీధిలోనే ఉండేది. రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకొచ్చి గుమ్మంలో ఇచ్చేది. సాయంత్రం ఖాళీ డబ్బా కోసం వచ్చేది.

"డబ్బా తెరిచావా, బావా?"

"తెరిచాను."

"తెరిచావు సరే, తిన్నావా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "తినే ఉంటాను."

"ఉంటానేమిటి బావా? నీ కడుపు సంగతి నేను చెప్పాలా?" అని ఆవిడ మూత తీసి చూసింది. సగం ఉంది. "మా అక్క ఉంటే ఈ డబ్బా నీ నెత్తిన బోర్లించేది" అంది. ఆవిడ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

షాపులో మాత్రం పని నడిచిపోయేది. బుర్ర ఎక్కడున్నా చేతులకి దారి తెలుసు. జోడు అందుకోవడం, వేడిగాలి ముందు పట్టడం, వంచడం, తుడవడం, ఎదుటి ముఖానికి తొడగడం, "బాగుందా అండీ" అనడం. అద్దం ముందు ఎవరైనా బాగుందనే అంటారు. ఆయన ఎవర్నీ వంగమనడం లేదు. ఏం పని చేస్తారని అడగడం లేదు. ముఖాలు వచ్చి కూర్చునేవి, లేచి వెళ్ళేవి. రైల్లో కూర్చున్నవాడికి స్టేషన్లు వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయేవి.

మొదట ఒక బడిపంతులమ్మ తిరిగొచ్చింది.

"మాస్టారూ, ఇది ఎడమవైపు కిందికి దిగుతోంది. నేను పాఠం చెబుతుంటే మా క్లాసు పిల్లలంతా తలలు పక్కకి వాల్చి చూస్తున్నారు. మొన్న హెడ్‌మాస్టరు కూడా వాల్చాడు."

కౌంటరమ్మాయి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. జోడు తీసుకుని సరిచేసి ఇచ్చాడు. తర్వాత బ్యాంకాయన ఒకడొచ్చాడు. తర్వాత ఒక పెద్దాయన వచ్చి, "నా ముఖమే వంకరగా ఉందేమోనని మా ఆవిణ్ణి అడిగానయ్యా, ఎప్పట్నుంచో ఉందంది" అన్నాడు. కొన్నాళ్ళకి అలా తిరిగిరావడం అందరూ మానేశారు. సర్దుకుందిలే అనుకున్నాడు. నిజానికి అది కూడా అనుకోలేదు. రావడం లేదు, అంతే.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మేనేజరు ఆయన్ని గదిలోకి పిలిచాడు. మేనేజరు వయసులో చిన్నవాడు. మాట చెప్పేముందు బల్ల మీద వస్తువులన్నీ తిన్నగా సర్దుకునే అలవాటుంది.

"కూర్చోండి మాస్టారూ. శుభవార్త. మీరు పోయిన నెల ఎవరో కండక్టరమ్మకి జోడు కుదిర్చారట. ఆవిడ ఏకంగా పెద్దాఫీసుకి ఫోను చేసింది. చిన్నప్పట్నుంచీ ఏ కళ్ళజోడూ తిన్నగా నిలబడలేదట ఆవిడకి. మీరు ఒక్క మాట అడక్కుండా, చూడగానే కనిపెట్టి కుదిర్చేశారట. ఇన్ని షాపుల్లో ఈ ఏడాదికి ఉత్తమ పనివాడు మీరే. ఫోటో తీసి కింద గోడకి తగిలిస్తారు."

"ఊఁ" అన్నాడు మాస్టారు.

మేనేజరు పెన్ను జరిపాడు. "ఇంకో సంగతి. ముఖాన్ని కొలిచే యంత్రం వస్తోంది. అది వస్తే మీ కుర్చీ ఎందుకని పెద్దాఫీసులో అంటున్నారు. మిమ్మల్ని వెనక సరుకుగదిలో వేద్దామని. నేను ఒప్పుకోలేదు. శనివారం కొత్తవాళ్ళకి శిక్షణ ఉంది, పెద్దాఫీసు నుంచి ఒకాయన వస్తాడు. ఆ కండక్టరమ్మనీ పిలిచాను. చేత్తో చేసే పనేమిటో ఆయన ముందు చూపించండి. మీ కుర్చీ ఎక్కడికీ పోదు."

"సరే" అని లేచాడు. తలుపు దాకా వెళ్ళాక ఒక్కటి తట్టింది. ఆ కండక్టరమ్మ ఎవరో ఆయనకి గుర్తులేదు. ముక్కు గుర్తులేదు, చెవులు గుర్తులేవు.

లోపలి గదికి వెళ్ళాడు. అద్దాలాయన చక్రం ముందు కూర్చుని అద్దం అరగదీస్తున్నాడు. నీళ్ళు సన్నగా కారుతున్నాయి. ఆయనకీ మాస్టారికీ చాలా ఏళ్ళ స్నేహం. ఒకరి మీద ఒకరు విసుర్లు వేసుకుంటూనే ఆ ఏళ్ళన్నీ గడిపారు.

"ఏమోయ్, ఆ కండక్టరమ్మ ఎవరు?"

అద్దాలాయన చక్రం ఆపాడు. "విన్నాను. ఊరందరి జోళ్ళూ వంకర చేసినవాడికి సన్మానమట."

"ఏమిటది?"

"కూర్చోండి చెబుతాను. మీకు చెప్పకూడదని కౌంటరు దగ్గరి పిల్ల నాచేత ఒట్టేయించుకుంది. అయినా ఇప్పుడు సన్మానం దాకా వచ్చింది కదా, ఇంకేం దాస్తాం." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "మీ దగ్గర్నుంచి లేచినవాళ్ళందర్నీ ఆ పిల్ల 'ఒక్క నిమిషం, తుడిచి ఇస్తాం' అని ఆపుతుంది. జోడు లోపలికి తెస్తుంది. నేను ఈ గాజుబల్ల మీద బోర్లించి, కాడలు సమానం చేసి పంపిస్తున్నాను. సమానం చేయడం కుదర్చడం కాదనుకోండి. నాకు ముఖాలేం తెలుసు, అద్దాలు తెలుసు గానీ. ఏదో, గుడ్డికన్నా మెల్ల నయం. వాళ్ళు మాత్రం, ఆహా ఎంత శ్రద్ధ, తుడిచి మరీ ఇస్తున్నారే అని మురిసిపోతున్నారు. మన షాపు సర్వీసు బాగుందని పేరొచ్చింది, తెలుసా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ముఖమే వంకరేమో అన్న ఆ పెద్దాయన వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి. ఆ కండక్టరమ్మకి బస్సు తొందర. ఆ పిల్ల ఆపేలోపే వెళ్ళిపోయింది. అప్పట్నుంచి అదొక్కటే మీరు చేసింది చేసినట్టు బయటికి పోయింది."

అప్పుడే కౌంటరమ్మాయి ఒక జోడు పట్టుకుని లోపలికి వచ్చింది. మాస్టార్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రావమ్మా, తెలిసిపోయిందిలే" అన్నాడు అద్దాలాయన. జోడు తీసుకుని గాజుబల్ల మీద బోర్లించాడు. వేలితో తాకితే, ఒక కాలు పొట్టిదైన పీటలా అది టకటకమని ఊగింది. "చూడండి. ఎడమ కాడ పైకి పోయింది. నాకు అర్థం కానిది ఒకటే మాస్టారూ. మనిషి మనసు బాగులేనప్పుడు తప్పు చేస్తాడు. తప్పంటే ఒక్కోసారి ఒక్కోలా ఉండాలి కదా. మీవన్నీ ఇదే. ఆడా మగా లేదు, పెద్దా చిన్నా లేదు, ఇంతే వంపు. కొలిచి చేసినట్టుంటుంది."

మాస్టారు జోడు చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళతో చూడలేదు. కాడ మీద బొటనవేలు పెట్టాడు. వేలు ఆ వంపులో తిన్నగా కూర్చుంది.

"మా ఆవిడ ఎడమ చెవి కొంచెం పైకి ఉంటుంది" అన్నాడు. కాసేపాగి, "ఉండేది" అన్నాడు.

బయట ఎవరో "అమ్మాయ్, తుడవడం అయిందా?" అని కేకేశారు. అద్దాలాయన జోడు తీసుకుని, కాడ సమానం చేసి, ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం మరదలు డబ్బా కోసం వచ్చినప్పుడు మాస్టారు అడిగాడు. "మీ అక్క చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండేవా?"

"అదేం ప్రశ్న బావా?"

"ఊరికే."

ఆవిడ నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. "చెవులు చెవుల్లాగే ఉండేవి. నాకంటే చిన్నవి. ఎందుకూ?"

తోడబుట్టినదానికి తెలియదు. ఫోటోల్లో చూద్దామంటే, ఫోటో అనగానే ఆయన భార్య కళ్ళజోడు తీసేసి, జుట్టు చెవుల మీదికి దువ్వుకునేది. బహుశా ఆవిడకీ తెలిసి ఉండదు. ఆవిడకి జోడెప్పుడూ తిన్నగానే ఉండేది. ఆవిడ వాడిన ప్రతి జోడునీ ఆయనే కుదిర్చాడు. ఒకసారి వంట చేస్తూ, ఒకసారి బస్సు కోసం నిలబడి, "ఇది కాస్త చూడండి" అని చేతిలో పెట్టేది. ఆయన ఆవిడ వైపు చూడకుండానే వంచి ఇచ్చేవాడు.

అంటే ఆ చెవి ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది. ఆయన బొటనవేలిలో.

వేలిని దారిలో పెట్టుకుంటే ఆ చెవి పోతుంది. పెట్టుకోకపోతే కుర్చీ పోతుంది, ఊళ్ళో జనం తలలు వాల్చుకుని తిరుగుతారు, లోపల ఇద్దరు తన కోసం రోజూ దొంగచాటుగా కాడలు వంచుతూ ఉంటారు. మాస్టారు మంచం మీద కూర్చుని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. దేనికీ గుండె కదల్లేదు. చేతిని మాత్రం ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు, చీకటి పడేదాకా చూశాడు.

శనివారం షాపు మధ్యలో కుర్చీలు వేశారు. కొత్తగా చేరినవాళ్ళు వరుసగా కూర్చున్నారు. పెద్దాఫీసాయన మెడలో గుర్తింపుకార్డు తిప్పుకుంటూ వెనక నిలబడ్డాడు. మేనేజరు లేచి, కొనేవాడి మనసు తెలుసుకోవడమే సేవ అనీ, మాస్టారు అడక్కుండానే తెలుసుకున్నారనీ చెప్పాడు. కండక్టరమ్మ ముందు వరుసలో కూర్చుంది. మనిషి పుష్టిగా ఉంది. గొంతు బస్సు చివరిదాకా వినబడే గొంతు.

"మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?"

"లేదమ్మా."

"పట్టరులెండి, రోజుకి ఎంతమందో. నేనూ అంతే. టిక్కెట్టు కొట్టిన ముఖం మళ్ళీ అడిగితే గుర్తుండదు."

కొత్తవాళ్ళు నవ్వారు. మేనేజరు, "మీరు ఈవిణ్ణి చూడగానే ఏం గమనించారో చెప్పండి మాస్టారూ" అన్నాడు.

మాస్టారు తన కుర్చీలోనే కూర్చుని చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"నేను ఈవిణ్ణి చూడలేదు. నా చెయ్యి మా ఆవిడ చెవికి అలవాటుపడి ఉంది. ఆవిడ పోయాక, వచ్చినవాళ్ళందరికీ ఆ చెవికే కుదురుస్తున్నాను. ఈవిడకి అది సరిపోయింది. మిగతావాళ్ళకి సరిపోలేదు. లోపలి ఆయనా, కౌంటరు దగ్గరి అమ్మాయీ నాకు తెలియకుండా వాటిని దిద్ది పంపిస్తున్నారు. ఫోటో తగిలిస్తే వాళ్ళది తగిలించండి."

పెద్దాఫీసాయన కార్డు తిప్పడం ఆపాడు. మేనేజరు ముందున్న బల్ల మీద సర్దడానికి ఏమీ లేదు. కౌంటరమ్మాయి తల దించుకుంది.

కండక్టరమ్మే ముందు మాట్లాడింది. "అయితే మీ ఇంటావిడ చెవీ నా చెవీ ఒకటే అచ్చన్నమాట. పోనీలెండి మాస్టారూ. ఎవరి పుణ్యమో నాకు దక్కింది. దీన్ని మాత్రం నేను తిరిగివ్వను."

"ఇవ్వక్కర్లేదు. ఒకసారి ఇలా వచ్చి కూర్చోండి."

ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. మాస్టారు చాలా రోజుల తర్వాత ఒక ముక్కుని చూశాడు. వెడల్పాటి ముక్కు, ఎండకి కమిలింది. తర్వాత చెవులు చూశాడు. ఎడమది పైకే ఉంది.

"టిక్కెట్టు కొడుతున్నట్టు వంగండి."

ఆవిడ వంగింది. ఒక చేత్తో పైన లేని కడ్డీ పట్టుకుంది కూడా. మాస్టారు జోడు తీసి చెవి వెనక చూశాడు. అక్కడ ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"నొప్పి లేదా?"

"ఉంటుంది. ఆ మాత్రం ఏ జోడు పెట్టదు? తిన్నగా నిలబడింది, అది చాలు నాకు."

"మీ చెవి పైకి ఉంది. కానీ అంత పైకి లేదు."

"బాగానే ఉంది కదా మాస్టారూ, ఎందుకు కదపడం?" అంది ఆవిడ. ఈసారి గొంతు చిన్నగా వచ్చింది. ఆవిడ ఆయన కోసం అడుగుతోందని ఆయనకి అర్థమైంది.

"ఇది మీకు కుదరలేదమ్మా" అన్నాడు. వేడిగాలి పెట్టె మీట నొక్కి, కాడ దాని ముందు పట్టుకున్నాడు. మెత్తబడింది. బొటనవేలు తన అలవాటు ప్రకారం పైకి నొక్కబోయింది. ఇంకో చేత్తో దాన్ని పట్టుకుని ఆపాడు. అలా ఆపడం అందరూ చూశారు. తర్వాత కాడని కొంచెం, చాలా కొంచెం, కిందికి దించాడు. ఆవిడకి పెట్టి మళ్ళీ వంగమన్నాడు. ఆవిడ వంగి, లేచి, తల అటూ ఇటూ తిప్పి, ఆయన చెయ్యి ఒకసారి తట్టింది.

మాస్టారు మేనేజరు వైపు తిరిగాడు. "ఆ యంత్రాన్ని రానివ్వండి. మన కౌంటరమ్మాయి నేర్చుకుంటే ఆ అమ్మాయి దగ్గర నేను నేర్చుకుంటాను. కొన్నాళ్ళు నా చెయ్యి నేను నమ్మలేను. కొలిచి చెప్పేది ఒకటి పక్కన ఉండాలి. ఈలోగా నేను పాడుచేసిన జోళ్ళన్నీ వెనక్కి పిలిపించండి."

తర్వాత యంత్రం వచ్చింది. దాన్ని మాస్టారి బల్ల మీదే పెట్టారు, కుర్చీ ఉన్నచోటే ఉంది. ఫోటో కూడా తగిలించారు. అందులో ముగ్గురున్నారు, అద్దాలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

కౌంటరమ్మాయి మంచి పంతులమ్మ కాదు. "అది కాదు మాస్టారూ, అబ్బా, ముందు గడ్డం తెర మధ్యకి తేవాలి. మీరు నాకు పని నేర్పేటప్పుడు నేను ఇంత విసిగించానా?" అనేది. "ఇంతకన్నా ఎక్కువే" అనేవాడు మాస్టారు. జనం ఒక్కొక్కళ్ళే తిరిగొచ్చారు. బడిపంతులమ్మ వచ్చింది, బ్యాంకాయన వచ్చాడు. "ఎప్పట్నుంచో వంకరే" అన్న పెద్దాయన భార్యని కూడా వెంటబెట్టుకొచ్చాడు. మాస్టారు అందర్నీ వంగమన్నాడు. ప్రతిసారీ వేలు పైకి పోబోయేది, ప్రతిసారీ ఆపేవాడు. రానురాను ఆపడం తేలికైంది.

ఒక మధ్యాహ్నం ఎవరో ఒక కుర్రావిడకి జోడు కుదిర్చి పంపించాక, ఆయనకి ఒకటి తెలిసింది. ఈసారి ఆపలేదు. ఆపే అవసరం రాలేదు. చెయ్యి ఎటూ పోలేదు.

ట్రేలోంచి ఖాళీ ఫ్రేము ఒకటి తీశాడు. ఎడమ కాడ వేడిచేసి పైకి వంచాడు. ఎక్కువైంది. దించాడు. తక్కువైంది. కళ్ళు మూసుకుని ఇంకోసారి వంచి, బొటనవేలు పెట్టి చూశాడు. వేలు అందులో కూర్చోలేదు. దగ్గరలో ఎక్కడో ఉందనిపించింది. ఎక్కడో తెలియలేదు.

ఫ్రేముని మళ్ళీ వేడిచేసి, కాడలు రెండూ సమానం చేసి, గాజుబల్ల మీద బోర్లించి చూశాడు. ఊగలేదు. ట్రేలో పెట్టేశాడు.

"తర్వాత ఎవరండీ?" అన్నాడు.